చేతులు కట్టుకుని చెప్పిన మాటలు

మా గుండీకి అన్నీ అర్థమవుతాయని ఆ వానాకాలం మొదట్లో అడిగినవాళ్లకీ చెప్పేదాన్ని, అడగనివాళ్లకీ చెప్పేదాన్ని. మాట్లాడదంతే. మాట్లాడేవాళ్లంతా ఏం ఉద్ధరించారు గనక అనేదాన్ని.

గుండీ నా తమ్ముడి కూతురు. అప్పటికి ఐదో ఏడు నడుస్తోంది. గుండ్రంగా, బుల్లిగా, ఎక్కడ వదిలితే అక్కడే ఉండిపోయే పిల్ల కాబట్టి ఆ పేరు పెట్టాను. మా నాన్న పెట్టిన లాండ్రీ కింద ఉండేది, మేం నలుగురం పైన ఉండేవాళ్లం. నేను, తమ్ముడు, మరదలు, అది. నాకు పెళ్లి లేదు, ఎందుకు లేదన్న కథ ఇక్కడ అనవసరం. నాకు లాండ్రీ ఉంది, గుండీ ఉంది. నా పక్కలోనే పడుకునేది, నా చేత్తోనే తినేది. ఇల్లంటే నాకు ఆ పిల్లే.

ఊళ్లో క్లినిక్, లాడ్జి, హోటలు బట్టలన్నీ మా దగ్గరికే వచ్చేవి. వానాకాలంలో తాడు మీద ఏదీ ఆరదు. తెల్లారి ఐదింటి నుంచి రెండు డ్రయ్యర్లూ తిరుగుతూనే ఉంటాయి. ఉతికే మిషన్లు రెండు, పిండే మిషను ఒకటి, ఆవిరి ఇస్త్రీ బల్ల ఒకటి. అన్నీ కలిసి మోగుతుంటే గొంతు చించుకున్నా పక్క మనిషికి వినపడదు. అందుకని మా నాన్న కాలం నుంచీ మాకు సైగలు. మెడ దగ్గర రెండు వేళ్లు పెడితే చొక్కాలు. చెంప కింద అరచెయ్యి పెడితే దిండు గలీబులు. పిడికిలి తిప్పితే ఇంకోసారి తిప్పమని. అరచెయ్యి బోర్లించి కిందకి నొక్కితే ఆపమని. గడ్డం మెట్ల వైపు ఎగరేస్తే పైకెళ్లి తినమని. మరదలు కాపురానికొచ్చిన నెల రోజుల్లో ఇవన్నీ నేర్చుకుంది. అసలే నోట్లో నాలుక లేని మనిషి, మా ఇల్లు ఆవిడకి సరిగ్గా సరిపోయిందని అనుకునేదాన్ని.

గుండీ ఆ సైగల్లోనే పుట్టింది. నేను కనుబొమ్మ ఎగరేస్తే సబ్బు డబ్బా తెచ్చేది. రెండు మాటలు తప్ప రావు దానికి, "అత్త", "వద్దు". చెవులు చూపించాం. భేషుగ్గా ఉన్నాయి, మీ ఇంట్లో అందరికన్నా ఈ పిల్ల చెవులే బాగున్నాయన్నాడు డాక్టరు.

వానలు మొదలైన వారానికి, గుండీ వెళ్లే చిన్నపిల్లల తరగతి టీచరమ్మ తన బట్టలు తీసుకోడానికి వచ్చింది. సన్నగా, పొడుగ్గా, గొడుగుకి చీర కట్టినట్టు ఉంటుంది. బట్టలు సంచిలో పెట్టుకుని కూడా కదల్లేదు.

"ఒక్క ఐదు నిమిషాలు మిషన్లన్నీ ఆపగలరా?" అని నా చెవి దగ్గర అరిచింది.

తమ్ముడికి అరచెయ్యి బోర్లించి చూపించాను. ఆపాడు. ఒక్కసారిగా అంత నిశ్శబ్దమయ్యేసరికి నాకే వింతగా అనిపించింది. బయట వాన పడుతోందని అప్పుడు తెలిసింది.

"మీ మేనకోడలికి ఏదైనా పని చెప్పండి. బల్ల కింద ఉన్న బుట్ట తెమ్మనండి" అంది.

"గుండీ, బల్ల కింద బుట్ట పట్రా" అన్నాను. అది చక్కా వెళ్లి తెచ్చింది. చూశారా అన్నట్టు టీచరమ్మ వంక చూశాను.

"మీరు గడ్డంతో చూపించారు" అంది ఆవిడ. "ఇప్పుడు అటు వెళ్లి చెప్పండి."

గది మధ్యలో తాడు మీద లాడ్జివాళ్ల దుప్పటి వేలాడుతోంది. నన్ను తీసుకెళ్లి దాని వెనకాల నిలబెట్టింది. నా చీపురు, నా సబ్బు, నా కోడలు, మధ్యలో ఈవిడకేంటి, కందకి లేని దురద కత్తిపీటకెందుకు అనుకుంటూనే నిలబడ్డాను.

"గుండీ, కుర్చీ మీద ఉన్న తువ్వాలు పట్రా" అన్నాను దుప్పటి వెనక నుంచి.

అడుగుల చప్పుడు లేదు. మళ్లీ అన్నాను. కాస్త గట్టిగా కూడా అన్నాను. అప్పుడు అడుగులు వినపడ్డాయి. దుప్పటి దాకా వచ్చాయి. అవతల నుంచి ఒక చిన్న చెయ్యి దుప్పటిని తడుముతూ నా పొట్ట మీద ఆగింది. నా మొహం కోసం వెతుకుతోంది. మాట వచ్చిన చోట మనిషి ఉందని తెలిసింది గానీ, ఆ మాటలో తువ్వాలుందని తెలీలేదు దానికి.



అడగందే అమ్మైనా పెట్టదంటారు. మా ఇంట్లో అడక్కముందే అత్త పెట్టేసింది. వచ్చిన చిక్కంతా అదే. ఆ మాట నేను కాదు, టీచరమ్మ అంది, ఇంకొంచెం మర్యాదగా.

అసలు విషయం ఆ తర్వాత చెప్పింది. ఆ బడిలో వానలు తగ్గాక కొత్త తరగతులు మొదలవుతాయి. గుండీని ఒకటో తరగతిలో తీసుకోవాలా వద్దా అని పెద్ద టీచరు స్వయంగా కూర్చోబెట్టి చూస్తుంది. చెప్పిన మాట విని చెయ్యగలగాలి, వస్తువుల పేర్లు తెలియాలి, ఏది దేంతో చేరుతుందో చెప్పగలగాలి. లేదంటే ఇలాంటి పిల్లలకని వేరే బడి ఉంది. బస్సులో నాలుగు గంటలు. అక్కడే ఉండాలి. నెలకోసారి ఇంటికి పంపుతారు.

"మంచిదేగా" అన్నాడు తమ్ముడు ఆ సాయంత్రం అన్నాల దగ్గర. "వాళ్లకి తెలుసు ఎలా నేర్పాలో. మనకేం తెలుసు, మనం బట్టలుతికేవాళ్లం."

మరదలు కడిగిన గిన్నెనే మళ్లీ కడుగుతోంది.

"నా కోడలు ఎక్కడికీ పోదు" అన్నాను. "ఎవరు పంపుతారో నేనూ చూస్తా."

"పరీక్ష నువ్వు రాయవు కదక్కా" అన్నాడు వాడు. అదీ నిజమే.

టీచరమ్మ చెప్పిన వైద్యం వినడానికి పిల్లాటలాగే ఉంది. రోజూ ఇంట్లో ఉన్న వస్తువులే పది తీసుకోవాలి. దీని పేరేంటి, దేనికి పనికొస్తుంది, పట్టుకుంటే ఎలా ఉంటుంది, ఎక్కడ ఉంటుంది, దేంతో కలుస్తుంది. ఇవి అడగాలి, అది చెప్పకపోతే మనమే చెప్పాలి, పూర్తి మాటగా చెప్పాలి. చెప్పేటప్పుడు మాత్రం చేతులు వెనక్కి కట్టుకోవాలి. గడ్డం, కనుబొమ్మలు కూడా కదపకూడదు.

"గడ్డం కదపకుండా ఎలా మాట్లాడతానమ్మా" అన్నాను.

"మాట్లాడ్డానికి కదపండి. చూపించడానికి కదపకండి" అంది.

మధ్యాహ్నం రెండింటి నుంచి మూడింటి దాకా మిషన్లు ఆపాలని నిర్ణయం చేశాను. తమ్ముడు మొహం గంటు పెట్టుకున్నాడు. ఆ గంటలో రెండు లోడ్లు తీయొచ్చన్నాడు. తియ్యకపోతే లాడ్జివాళ్లేం దుప్పట్లు లేకుండా చచ్చిపోరులే అన్నాను. పైకెళ్లి కునుకు తీస్తానని వెళ్లిపోయాడు.

మొదటిరోజు ఎలా గడిచిందో చెప్తే నా పరువే పోతుంది. చేతులు వెనక్కి కట్టుకుని గుండీ ఎదురుగా కూర్చుని, "అది ఇటియ్యి" అన్నాను. ఏది? "అదే, దాని పక్కన ఉన్నది." దేని పక్కన? నా నోట్లో ఉన్న మాటలన్నీ వేలు చూపిస్తేనే బతికే మాటలని అప్పుడు తెలిసొచ్చింది. మిషన్లో బట్టలు కిందకి తొక్కే కర్ర ఉంది మా దగ్గర, మా నాన్న నుంచి వచ్చింది. దాని పేరేంటని నన్ను నేనే అడుక్కుంటే నాకు తెలీదు. ఎప్పుడూ దాన్ని ఎవరూ పిలవలేదు, చెయ్యి చాపితే అందించడమే. చివరికి తొక్కుడుకర్ర అన్నాను. ఇంటికి పెద్దదాన్ని, ఆ మాత్రం పేరు పెట్టే హక్కు నాకుంది.

"ఇది తొక్కుడుకర్ర. చెక్కతో చేశారు. పట్టుకుంటే నున్నగా ఉంటుంది. బట్టలు నీళ్లల్లోకి తొయ్యడానికి పనికొస్తుంది. మిషను పక్కన మూల్లో ఉంటుంది."

గుండీ నా భుజాల వైపు చూస్తోంది, చేతులెక్కడికి పోయాయోనని. లేచి నా వెనక్కి వెళ్లి, కట్టుకున్న వేళ్లు ఒక్కొక్కటే విడదీసింది. మళ్లీ కట్టుకున్నాను. మళ్లీ విడదీసింది. ఆ గంటంతా మాకదే పని.

మూడో రోజు నుంచి మరదలు కూడా మెట్లు దిగి వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. మొదట ఊరికే చూసేది. తర్వాత నేను చెప్పినవే మెల్లగా చెప్పేది. ఆవిడ గొంతు అంత బాగుంటుందని ఆరేళ్లలో నాకు తెలీదు. ఎప్పుడు విన్నాను గనక.

పదకొండో రోజో పన్నెండో రోజో, నేను మళ్లీ దుప్పటి వెనక్కి వెళ్లాను. "గుండీ, తువ్వాలు పట్రా" అన్నాను. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత దుప్పటి కింది నుంచి తువ్వాలు అంచు లోపలికి వచ్చింది, దాని వెనక ఒక చెయ్యి.

"గరుకు" అంది అవతల నుంచి.

దాని నోటి నుంచి వచ్చిన మూడో మాట అది. మరదలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం, "అవును, తువ్వాలు గరుగ్గా ఉంటుంది" అని పూర్తి మాటగా చెప్పాను. నియమం నియమమే.

ఆ తర్వాత అది ఆగలేదు. మెత్తన, తడి, వేడి, జారుడు, మరక. మరకల్లో మళ్లీ సిరా మరక, నూనె మరక, తుప్పు మరక. మా దుకాణంలో మరకలకి కొదవేముంది. రోజుకి పది వస్తువులన్నది ముప్పై అయింది. ఏది దేంతో కలుస్తుందో కూడా నేర్పాను. కుప్పలో నుంచి ఏది తీసిచ్చినా తడుముకోకుండా తీసుకెళ్లి ఉండాల్సిన అరలో పెట్టేది. నెల తిరక్కముందే నేను కాలరెగరేసుకుని టీచరమ్మకి కబురు పెట్టాను, వచ్చి చూసుకోమని.

ఆవిడ వచ్చి బుట్టలో నుంచి ఒక దిండు గలీబు తీసింది. "ఇదేంటమ్మా?"

"క్లినిక్" అంది గుండీ.

చొక్కా తీసింది. "ఇది?"

"లాడ్జి."

టీచరమ్మ నా వంక చూసింది. ఒక దుప్పటి, ఒక తువ్వాలు, ఒక ఏప్రాన్, ఒక గలీబు గుండీ ముందు పెట్టి, కలిసేవి కలిపి పెట్టమంది. గుండీ అంచులు తిప్పి, ఏది ఎవరిదో తెలియడానికి మేం గుర్తుగా పెట్టే సిరా చుక్కలు చూసుకుని, గలీబూ ఏప్రానూ ఒకవైపు పెట్టింది, దుప్పటీ తువ్వాలూ ఇంకోవైపు పెట్టింది. "క్లినిక్. లాడ్జి." ఒక్కటీ తప్పు లేదు. నేను గర్వంగా నిలబడ్డాను.

టీచరమ్మ తల పట్టుకుంది. "ఇలా ఎవరు నేర్పారండీ?"

"ఎవరు నేర్పుతారు, నేనే. లాండ్రీలో ఏది ఎవరిదో తెలియడమే కదండీ చదువు."

"పెద్ద టీచరు బుట్టలో చొక్కా పెడితే, అది ఎవరిదని అడగదు. ఏంటని అడుగుతుంది. పేర్లు నేర్పారు, అవి ఎలా ఉంటాయో నేర్పారు. కలపడం దగ్గరికొచ్చేసరికి ఏది ఏ ఇంటిదో నేర్పేశారు. ఇప్పుడు పేర్లు కూడా పోయి ఇళ్లే మిగిలాయి."

"చొక్కాలన్నీ ఒకచోటా, దుప్పట్లన్నీ ఒకచోటా పెడితే నాలుగు రోజుల్లో దుకాణం మూసుకోవాలమ్మా" అన్నాను.

"నాకు మీ దుకాణం సంగతి తెలీదు" అంది ఆవిడ. "పరీక్షకి నెలా పది రోజులుంది."

ఆవిడ వెళ్లిపోయాక అరల ముందు చాలాసేపు నిలబడ్డాను. నలభై ఏళ్లుగా ఒకటే పద్ధతి. పై అర క్లినిక్, కింద లాడ్జి, పక్కన హోటలు, దాని కింద విడిగా బట్టలిచ్చేవాళ్లవి. పిల్ల రోజంతా చూసేది ఈ అరల్నే. నోటితో ఒక రకంగా చెప్పి, అరల్లో ఇంకో రకంగా పెడితే దేన్ని నమ్ముతుంది? కళ్లనే నమ్ముతుంది. మేమే అలా పెంచాం.

అందుకని అరలన్నీ దించేశాను. తమ్ముడు ఉతికిన బట్టలు ఇచ్చిరావడానికి వెళ్లిన మధ్యాహ్నం చూసుకుని, నేనూ గుండీ కలిసి మొత్తం మార్చాం. దుప్పట్లన్నీ ఒక అర. తువ్వాళ్లన్నీ ఒక అర. చొక్కాలు, ప్యాంట్లు, గలీబులు, ఏప్రాన్లు. "ఇది చొక్కా, ఇదీ చొక్కా, పెద్దదైనా చొక్కాయే, చిరిగినా చొక్కాయే" అని చెప్తూ పెట్టాను. అది మొదట ఒప్పుకోలేదు. క్లినిక్ చొక్కా పక్కన హోటలు చొక్కా పెడితే "వద్దు" అని తీసేసింది. ఆ చెయ్యిని నేను పట్టుకోలేదు. మళ్లీ చెప్పాను, మళ్లీ పెట్టాను. చీకటి పడేసరికి దానికి అదొక ఆటైపోయింది.

తమ్ముడు వచ్చి అరలు చూసి, మెట్ల మీద కూలబడ్డాడు.

"కొరివితో తల గోక్కుంటున్నావక్కా" అన్నాడు.

"బట్టల మీద గుర్తులున్నాయి కదరా. ఇవ్వడానికి వెళ్లేటప్పుడు చూసుకుని ఏరుకో."

ఏరుకోవడం అనడం తేలిక. వాడూ నేనూ అర్ధరాత్రిళ్లు మేలుకోలేదు గానీ, పగలంతా అదే పనైంది. పది రోజులు బాగానే జరిగింది. పదకొండో రోజు లాడ్జి గదుల్లో క్లినిక్ గుర్తున్న దుప్పట్లు పరిచారు. ఒకాయన పొద్దున్నే లేచి, ఈ దుప్పటి మీద ఎవరు పోయారో చెప్పమని గొడవ పెట్టుకున్నాడట. అదే వారం హోటల్లో లావుపాటి వంటాయనకి ఎవరో సన్నటి నర్సు కోటు వెళ్లింది. ఆయన తొడుక్కోవాలని చూశాడట కూడా. లాడ్జివాళ్లు ఇంక మీ దగ్గర బట్టలు వెయ్యం అని చెప్పేశారు. మా పనిలో మూడో వంతు వాళ్లదే.

ఆ మధ్యాహ్నం తమ్ముడు రెండింటికి కునుక్కి వెళ్లలేదు. మిషన్లు ఆగిపోయి ఉన్నాయి. వాన పడుతోంది. గుండీ నేల మీద కూర్చుని సాక్సులు జతలు కలుపుతోంది.

"అరలు మళ్లీ ఎప్పట్లాగే పెట్టేస్తున్నా" అన్నాడు. "పిల్లదాని ఆటకి దుకాణం బలి ఇచ్చుకుంటామా? ఆ బడికి పంపేస్తే వాళ్లే చూసుకుంటారు."

"నెల రోజులు ఓపిక పట్టండి" అంది మరదలు.

వాడు ఆవిడ వైపు చూడకుండానే అరచెయ్యి బోర్లించి కిందకి నొక్కాడు. ఆపమని. మా ఇంట్లో ఆ సైగ తర్వాత ఎవరూ మాట్లాడరు.

"చేత్తో చెప్పకండి" అంది ఆవిడ. "నోటితో చెప్పండి. పిల్ల ముందు అదే కదా నియమం."

వాడు తెల్లబోయాడు. నేనూ అంతే.

"చెప్పరా? అయితే నేను చెప్తాను" అంది. గొంతు పెంచలేదు. మేం రోజూ వస్తువుల గురించి చెప్పే గొంతే. "ఈ మిషన్ల మీద ఇల్లు నాకు వద్దు. వచ్చినప్పటి నుంచీ వద్దు. ఆరేళ్లలో నేను ఏదైనా చెప్పడం మొదలుపెడితే పూర్తయ్యేదాకా విన్నవాళ్లు లేరు. నా పిల్లకి మాటలు రాలేదంటే దాని తప్పు కాదు, ఈ ఇంట్లో మాటలు లేవు. ఇక్కడ టీచరమ్మ బడి పక్క వీధిలో గది దొరుకుతుంది. పరీక్ష పోయినా, నెగ్గినా, మనం అక్కడికి వెళ్దాం. మీరు పొద్దున్నే వచ్చి పని చేసుకుని సాయంత్రం ఇంటికి రండి, అందరి మగవాళ్లలాగే."

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. నాకు ఒళ్లు మండింది. అనడానికి నాలుక మీద చాలా ఉన్నాయి. నెల నుంచి నీ పిల్ల కోసం దుకాణం తలకిందులు చేసుకున్నది ఎవరనుకున్నావ్ అందామనుకున్నాను. గుండీ సాక్సులు పక్కన పెట్టి, వాళ్లమ్మ నోటి వంక, నాన్న నోటి వంక, నా నోటి వంక వరసగా చూస్తోంది. చేతుల వంక చూడట్లేదు. అది గమనించాక ఇంక ఏమీ అనలేదు.

తమ్ముడు వెళ్లి మిషను వేశాడు. అరలు మాత్రం ముట్టుకోలేదు.

మర్నాడు గుండీ అడిగింది, "గది అంటే?"

చేతులు వెనక్కి కట్టుకున్నాను. "గది అంటే నాలుగు గోడలు, ఒక తలుపు ఉంటుంది. పడుకోడానికి, వండుకోడానికి పనికొస్తుంది. వీధిలో ఉంటుంది." ఎవరుంటారన్నది నేను చెప్పలేదు. అది అడగలేదు.

పరీక్షకి నేనూ మరదలూ ఇద్దరం తీసుకెళ్లాం. పెద్ద టీచరు లావుపాటి మనిషి, చేతులు బల్ల కింద పెట్టుకుని కూర్చుంది. మమ్మల్ని వెనక గోడ దగ్గర కుర్చీల్లో కూర్చోమంది. నా రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాను, పొరపాటున కూడా లేవకుండా.

"పుస్తకం మీద ఉన్న దువ్వెన తీసి కుర్చీ కింద పెట్టమ్మా."

గుండీ బల్లంతా చూసింది. దువ్వెనలు రెండున్నాయి, ఒకటి పుస్తకం మీద, ఒకటి గ్లాసు పక్కన. పుస్తకం మీదది తీసి, కుర్చీ దగ్గరికి వెళ్లి, ఆగింది. కిందా, మీదా అన్నది తేల్చుకుంటోందని నాకు తెలుసు. మరదలు నా మోచెయ్యి పట్టుకుంది. గుండీ వంగి దువ్వెనని కుర్చీ కింద పెట్టింది.

తర్వాత బుట్ట. చెంచా, గిన్నె, గరిటె, చొక్కా, టోపీ, సాక్సు, వంకాయ, ఉల్లిపాయ. అన్నీ కలిపి బల్ల మీద గుమ్మరించి, కలిసేవి కలిపి పెట్టమంది. గుండీ చొక్కా చేతిలోకి తీసుకుని అంచు తిప్పింది. గుర్తు కోసం వెతుకుతోంది. గుర్తు లేదు. చొక్కాని మెల్లగా ఒక పక్కన పెట్టి, టోపీ తెచ్చి దాని పక్కన పెట్టింది. సాక్సు తెచ్చింది. తర్వాత గిన్నె, చెంచా, గరిటె. తర్వాత కూరగాయలు.

"ఇవేంటి?"

"బట్టలు" అంది. "ఇవి వంటవి. ఇవి తినేవి."

"ఈ సాక్సు గురించి చెప్పు."

"సాక్సు. మెత్తగా ఉంది. కాలికి. ఒకటే ఉంది." కాసేపు ఆలోచించింది. "ఇంకోటి మీరు పారేసుకున్నారు."

పెద్ద టీచరు మొదటిసారి నవ్వింది. కాగితం మీద ఏదో రాసి, చేతులు బల్ల మీదకి తీసి, ఒకటో తరగతి పుస్తకాల జాబితా మరదలికి ఇచ్చింది. మరదలు అక్కడే ఏడ్చేసింది. నాకు ఏడుపులు అలవాటు లేవు. వానలో వెళ్లాం కదా, ముక్కు కారింది, తుడుచుకున్నాను. దారిలో గుండీ ప్రతి దుకాణం బోర్డు కిందా ఆగి అదేంటి, దేనికి, అని అడుగుతూనే ఉంది. ఇంటికి చేరేసరికి గంట పట్టింది. నాలుగు గంటల బస్సు ఇంక మా పిల్ల ఎక్కక్కర్లేదు అన్న మాట లోపల తిప్పుకుంటూ నడిచాను. అంత సుఖంగా నేను ఎప్పుడూ నడవలేదు.

తమ్ముడు బడి పక్క వీధిలో గది చూసొచ్చాడు. నాతో చెప్పడానికి రెండు రోజులు పట్టింది వాడికి. చెప్పినప్పుడు మిషన్లు ఆపి చెప్పాడు. అందుకు వాడిని మెచ్చుకోవాలి.

"నువ్వూ వచ్చెయ్ అక్కా" అన్నాడు చివర్లో.

"తెల్లారి ఐదింటికి డ్రయ్యర్లు ఎవరు వేస్తార్రా? ఒక్క గదిలో నలుగురం ఎలా పడతాం?" అన్నాను. వాడు ఇంకోసారి అనలేదు. మరదలు అనలేదు. ఆవిడ అననందుకు నాకు కోపం లేదని చెప్తే అబద్ధం. కానీ ఆవిడ ఆరేళ్లకి ఒక కోరిక కోరింది, ఆ కోరికలో నేను లేను. అందులో అర్థం కానిదేమీ లేదు.

వానలు వెనకబట్టాక ఒక ఆదివారం పొద్దున్న సామాను కట్టారు. రెండు ట్రంకులు, ఒక పరుపు, గిన్నెల బస్తా. తమ్ముడు బండి కోసం వెళ్లాడు. నేను ఇస్త్రీ చేసిన గుండీ గౌన్లు మడతలు పెడుతున్నాను. మరదలు బస్తా మూతి కడుతూ, "గుండీ, స్నానాల గదిలో కప్పులో పళ్ల బ్రష్షులున్నాయి, తీసుకురా" అంది. చేత్తో చూపించలేదు.

గుండీ వెళ్లింది. నాలుగు బ్రష్షులూ పట్టుకుని వచ్చింది.

"నాన్నది" అని ఒకటి సంచిలో వేసింది. "అమ్మది. నాది." నాలుగోది ఎత్తి చూపించింది. "అత్తది." అదీ సంచిలో వేసింది.

మరదలు చేతులు బస్తా తాడు మీద ఆగిపోయాయి. నా వంక చూసింది. సంచిలో నుంచి నా బ్రష్షు తీసి పక్కన పెట్టాను.

గుండీ దాన్ని చూసింది, నన్ను చూసింది.

"మరి అక్కడ నువ్వు పొద్దున్నే పళ్లు దేంతో తోముకుంటావత్తా?" అంది.

అప్పటిదాకా అది అన్నవాటిల్లో అంత పెద్ద మాట లేదు. ఎక్కడా తప్పు పోలేదు, ఎక్కడా ఆగలేదు. పిల్ల అడిగినప్పుడు తల ఊపి ఊరుకోకూడదు, పూర్తి మాటగా జవాబు చెప్పాలని టీచరమ్మ అనేది.

"నేను అక్కడికి రావట్లేదు గుండీ" అన్నాను. "మీరు ముగ్గురూ ఆ గదిలో ఉంటారు. నేను ఇక్కడ ఉంటాను."

అది నా మొహం వంక చూస్తూ నిలబడింది. తర్వాత బ్రష్షు తీసుకుని స్నానాల గదిలోకి వెళ్లింది. కప్పులో వేసిన చప్పుడు వినపడింది. బయటికి వచ్చి, నా పక్కన కాకుండా వాళ్లమ్మ పక్కన నిలబడి, ఆవిడ కొంగు పట్టుకుంది.

దానికి అర్థమైంది. అర్థం కాకుండా ఉంటే బాగుండేదని ఆ వానాకాలం మొత్తంలో నాకు అప్పుడొక్కసారే అనిపించింది.